రత్నం చేతిలో తిన్నగా నడిచిన పడవ

పెద్దిరాజు గారి మేత పడవ చెరువులో దిగగానే పూటుగా తాగొచ్చిన మనిషిలా తూలడం మొదలెట్టింది. గట్టు మీద రిమోట్ పట్టుకుని నిలబడ్డ వీర్రాజు, దాని మీది పుల్లని నడిమధ్యలో పెట్టి వేలు కదలకుండా బిగబట్టాడు. అయినా పడవ ముక్కు కుడికీ ఎడమకీ సన్నగా ఊగుతూనే ఉంది. మేత గింజలు ఒకచోట కుప్పగా, ఇంకోచోట పలచగా పడుతున్నాయి. రొయ్యలకి మేత సమంగా పడకపోతే ఏమవుతుందో ఆకివీడు చుట్టుపక్కల ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక మూలవి తిని బలుస్తాయి, ఇంకో మూలవి ఒకదాన్నొకటి పీక్కు తింటాయి.

"బాగుచేసి తెమ్మంటే సారా పట్టించి తెచ్చేవేంటయ్యా?" అన్నారు పెద్దిరాజు గారు.

"లేదండి. షెడ్డులో చూసినప్పుడు బానే ఉందండి ఆయ్," అన్నాడు వీర్రాజు. షెడ్డులో నీళ్ళు లేవు కాబట్టి ఆ మాట అబద్ధం కూడా కాదు.

ఆ షెడ్డు ఆకివీడు రైల్వే గేటు పక్కన ఉంది. మేత పడవలు, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు, వాటి రిమోట్లు అక్కడ బాగుచేస్తారు. చేసేది రత్నం, చెప్పేది వీర్రాజు అని ఊళ్ళో ఒక మాట ఉంది. భార్యాభర్తలిద్దరికీ ఆ మాట మీద అభ్యంతరం లేదు. వీర్రాజుకి నాలుగు మాటలాడితే గాని అన్నం అరగదు. రత్నానికి తల వెంట్రుకంత తీగెకి టంకం వేస్తున్నప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే చిరాకు. పూర్తి పేరు సీతారత్నం అయినా అంత పొడుగున పిలిచే ఓపిక ఎవరికీ లేదు.

పడవ చుక్కాని తిప్పడానికి ఇదివరకు చిన్న మోటార్లు ఉండేవి. ఆ మధ్య వాటి స్థానంలో కండలని పిలిచే కొత్త పార్టులు వచ్చాయి. బొటనవేలంత పొడుగున, తాటిముంజెలా మెత్తగా, తెల్లగా ఉంటాయి. కరెంటు తగిలితే ముడుచుకుంటాయి, తీసేస్తే సాగుతాయి. కొత్తవి మన వైపు దొరకవు. విదేశాల్లో పెద్ద మనుషులు పందాలాడుకునే రేడియో బొమ్మకార్లుంటాయి. అవి మూలపడ్డాక, వాటి స్టీరింగు కండలు సంచుల్లో చెన్నై రేవులో దిగుతాయి. వీర్రాజు ఒక సంచి తెచ్చాడు, అందులోదొకటి రత్నం పెద్దిరాజు గారి పడవకి వేసింది. సంచిలో కండలున్నాయి గాని, వాటిని ఎలా చూసుకోవాలో చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు.

"ఆనవాయితీ తప్పేవు, అందుకే ఇలాగైంది," అన్నారు పెద్దిరాజు గారు. "ముందు మీ ఆవిడ చేత నడిపించాలి కదా."

ఆ చెరువుల మీద అదొక పద్ధతి. బాగుచేసిన పడవ మళ్ళీ నీళ్ళలో దిగేటప్పుడు రిమోట్ ముందు ఆడమనిషి చేతిలో పెడతారు. కబురంది వచ్చిన రత్నానికి ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు గాని, గట్టు మీద నిలబడి వాదించడం కన్నా రిమోట్ పట్టుకోవడం తేలిక. కుడిచేత్తో పుల్ల ముందుకి తోసింది.

పడవ గీత గీసినట్టు తిన్నగా పోయింది.

అవతలి గట్టు దాకా వెళ్ళింది, తిరిగింది, వచ్చింది. ఎక్కడా ఊగలేదు. వీర్రాజు గట్టు అంచుదాకా వెళ్ళి తొంగి చూశాడు. పెద్దిరాజు గారు మాత్రం ఆశ్చర్యపోలేదు. "హస్తవాసి," అన్నారు. "డాక్టర్లకే అనుకున్నాను. మెకానిక్కులకీ ఉంటదన్నమాట."

ఆ మాట సాయంత్రానికల్లా చెరువుల మీద పాకిపోయింది. ఎవరి పడవ మొరాయించినా రత్నమ్మ చెయ్యి పడాలన్నారు. ఒకాయన బాగానే ఉన్న పడవని కూడా తెచ్చి, ఊరికే ఒకసారి ముట్టుకోమ్మా అన్నాడు. రత్నం నవ్వింది. పొగడ్త ఎవరికి చేదు? కొన్నాళ్ళు హాయిగానే ఉంది. ఆ తర్వాత ఆమెలోని మెకానిక్కు మేలుకుంది.

హస్తవాసి సంగతి కండకి ఎలా తెలుస్తుంది? రిమోట్ నుంచి పడవకి వెళ్ళేది రేడియో సంకేతం. దానికి ఆడామగా తెలీదు, పుణ్యం పాపం తెలీదు. రత్నం పెద్దిరాజు గారి చెరువుకి మళ్ళీ వెళ్ళింది. మరోసారి చూస్తానంటే ఆయన సంతోషంగా ఇచ్చారు. వీర్రాజు చేతిలో పడవ ఊగింది. పాలేరు చేతిలో రోజూలాగే ఊగింది. ఆమె కుడిచేతిలో తిన్నగా నడిచింది. ఏదో తోచి రిమోట్ ఎడమచేతికి మార్చింది.

పడవ ఊగింది.

"చూసేరా?" అంది వీర్రాజుతో. "హస్తవాసి ఒక చేతికే ఉంటదా ఎక్కడైనా?"

"ఎడమచెయ్యి కదే. ఎడమచేత్తో శుభం ఏంటి?" అన్నాడతను. ఇలాంటి జవాబులకి అతని దగ్గర కరువుండదు.

ఆ రోజు నుంచి రత్నం కాగితం కోసం వేట మొదలెట్టింది. ప్రతి వస్తువుకీ ఎక్కడో ఒకచోట దాన్ని చేసినవాళ్ళు రాసిన పుస్తకం ఉండి తీరుతుందని ఆమె నమ్మకం. చేసినవాడు చెప్పకుండా చేతులు దులుపుకోడు. కండ అంచున భూతద్దం పెడితే ఒక నత్త బొమ్మ, కొన్ని అంకెలు కనిపించాయి. అంకెల్ని ఫోనులో వెతికింది. కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని వెబ్‌సైట్ చిరునామాలో ఇప్పుడెవరో కిటికీ తెరలు అమ్ముతున్నారు. బొమ్మకార్ల పిచ్చివాళ్ళు కబుర్లాడుకునే ఒక పేజీలో మాత్రం నత్త బొమ్మ దొరికింది. ఎవరో అడిగారు: "ఈ కండ పాతది కొన్నాను, బండి వణుకుతోంది, పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా?" కింద వేరేవాళ్ళు అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. జవాబు ఒక్కటే ఉంది, పారేసి కొత్తది కొనుక్కోమని.

"పారెయ్యమని చెప్పడానికి మనిషెందుకు?" అని గొణుక్కుంది రత్నం. ఫోనుకి తెలుగులో చెప్పి, దాని చేత వాళ్ళ భాషలోకి మార్పించి, తనూ అదే ప్రశ్న పెట్టింది. అయితే ఒక ముక్క కలిపింది. నా కుడిచేతిలో వణకట్లేదు, ఎడమచేతిలో వణుకుతోంది, ఎందుకు?

జవాబు వచ్చేలోపు ఆమె ఊరుకోలేదు. సంచిలోని మిగతా కండల్ని ఒక్కొక్కటే ప్లాస్టిక్ తొట్టెలో నీళ్ళు పోసి, ఆడుకునే చిన్న పడవకి తగిలించి చూసింది. ఒక్కోదానిది ఒక్కో తిక్క. ఒకటి ఎప్పుడూ ఎడమకి లాగుతుంది. ఇంకొకటి మెల్లగా తోస్తే అసలు కదలదు. దాన్ని వీర్రాజుకిస్తే, తలుపు గడియ నుంచి టూత్‌పేస్టు దాకా అన్నిటినీ పీక నొక్కినట్టు నొక్కే మనిషి కాబట్టి, అతని చేతిలో చక్కగా తిరిగింది.

"నాకూ ఉంది హస్తవాసి," అని అతను మురిసిపోయాడు.

రత్నం మురిసిపోలేదు. ఈ కండకి మునుపటి యజమాని కూడా మా ఆయనలాగే మొరటు చేతివాడు అయ్యుంటాడు అనుకుంది. అంటే కండలు చేతుల్ని గుర్తుపెట్టుకుంటున్నాయి. ఆ ఊహకే ఆమెకి ఒళ్ళు పులకరించింది. సముద్రాల అవతలి మనిషి బొటనవేలు తన షెడ్డులో తొట్టెనీళ్ళ మీద తిరుగుతోంది. మరి పెద్దిరాజు గారి పడవలో ఉన్నది ఎలాంటి చెయ్యి? తన చేతికి అంత దగ్గర చుట్టం ఎవరు?

జవాబు ఎల్సా అనే ఆవిడ నుంచి వచ్చింది. నత్త కంపెనీలో పుస్తకాలు అచ్చేసే విభాగంలో పనిచేసిందట. కంపెనీ మూసేసిన రోజున చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పక ఒక ప్రతి ఇంటికి తెచ్చుకుందట. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, మీరు ఎందుకు అని అడిగారు, అందుకే వెతికాను అని రాసింది. పేజీలు ఫోటోలు తీసి ఒక్కొక్కటే పంపింది.

అవి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. రత్నం కంచం ముందు ఫోను పెట్టుకుని చదువుతుంటే, వీర్రాజు పులుసు కలుపుకుంటూ వింటున్నాడు. ఫోను తెలుగు వింతగా ఉంది. కండని ఎండలో పడుకోబెట్టకూడదట. తడిగుడ్డతో తుడిచి గ్లిజరిన్ రాయాలట. చాలాకాలం పని చెప్పకపోతే అది దిగులుపడుతుందట. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాతి పేజీ పైన 'చెయ్యి మారినప్పుడు' అని ఉంది.

"కండ తన యజమాని చేతిని నేర్చుకుంటుంది. ఆ చేతిలో వణుకు ఉంటే దానికి ఎదురు తోసి, బండిని తిన్నగా నడుపుతుంది. ఇంకొకరికి ఇచ్చే ముందు ఒక పగలంతా ఉప్పునీళ్ళలో నానబెట్టండి. నేర్చుకున్నది మరిచిపోతుంది."

"ఓస్, ఉప్పునీళ్ళేనా," అన్నాడు వీర్రాజు. "మన ఊళ్ళో ఉప్పునీళ్ళకి కరువా? ఇప్పుడే వెళ్ళి పెద్దిరాజు గారికి చెప్పొస్తానుండు." చెయ్యి కడుక్కుని, కబురు మోసుకెళ్ళే ఆనందంలో చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

రత్నం మాత్రం రెండో వాక్యం మళ్ళీ చదివింది. కుడిచెయ్యి కంచం మీద గాలిలో పట్టుకుని చూసింది. వణకలేదు. గ్లాసు నిండా నీళ్ళు పోసి ఎత్తింది. ఒక్క చుక్క ఒలకలేదు. అయినా కంచం వదిలి లేచింది.

షెడ్డులోకి వెళ్ళి, సంకేతాన్ని గీతగా చూపించే పాత మీటరుకి రిమోట్ కలిపింది. ఎడమచేత్తో పుల్ల పట్టుకుంది. తెర మీద గీత నున్నగా సాగింది. కుడిచేతికి మార్చింది. గీత మీద సన్నటి పళ్ళు మొలిచాయి. హాక్సా బ్లేడు పళ్ళలా, వరసగా, ఆగకుండా. కంటికి కనపడనంత చిన్న వణుకు. బిగబట్టి ఆపుదామని చూసింది. ఆగలేదు. తన చెయ్యి తన మాట వినకపోవడం ఆమెకి అదే మొదలు.

ఈ మధ్య పార్టుల డబ్బాల మీద తను రాసే పేర్లు చీమ తలల్లా అవుతున్నాయని వీర్రాజు ఎగతాళి చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిరా పొదుపు చేస్తున్నావా అన్నాడు. ఆమెకి భయం వేసింది. చచ్చిపోతానని కాదు. ఈ చెయ్యి పోతే తనలో ఇంకేం మిగులుతుందని.

వీర్రాజు తిరిగొచ్చేసరికి ఆమె మీటరు ముందే కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండా అతని చేతిలో రిమోట్ పెట్టి గీత చూపించింది. తర్వాత తన చేత్తో చూపించింది. అతను తెర వంకా ఆమె వంకా చూశాడు.

"మీటరు పాడైపోయుంటది," అన్నాడు.

"ఇది నేను బాగుచేసిన మీటరండి."

వీర్రాజు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అన్నిటినీ గట్టిగా నొక్కే మనిషి, ఆ చేతిని మాత్రం పిచ్చుకపిల్లని పట్టుకున్నంత మెల్లగా పట్టుకున్నాడు.

ఏలూరులో నరాల డాక్టరమ్మ రత్నాన్ని నాలుగడుగులు నడవమంది, వేళ్ళు ఆడించమంది, సుడులు గీయించింది, ఏవేవో పరీక్షలు చేయించింది. వణుకుడు జబ్బే, కానీ బాగా మొదట్లో ఉందని చెప్పింది. ముదరకుండా మందులతో చాలాకాలం అదుపులో పెట్టుకోవచ్చంది. తర్వాత కళ్ళజోడు తీసి, "మామూలుగా చెయ్యి బాగా వణికి, కాఫీ ఒలికాక వస్తారమ్మా. మీకింత ముందే ఎలా తెలిసింది?" అని అడిగింది.

"పడవ చెప్పిందండి," అన్నాడు వీర్రాజు. డాక్టరమ్మ అతన్ని కూడా పరీక్ష చెయ్యాలేమో అన్నట్టు చూసింది.

తిరుగు బస్సులో రత్నం కిటికీ పక్కన కూర్చుని అసలు చిక్కు చెప్పింది. తన వణుకుకి ఎదురు తోయడం తెలిసిన కండ లోకంలో ఒక్కటే దొరికింది. ఎవరిదో చెయ్యి ఏళ్ళ తరబడి దానికి నేర్పింది. దాన్ని సోల్డరింగ్ ఐరన్ పిడికి కట్టుకోగలిగితే ఇంకొన్నేళ్ళు టంకం వెయ్యొచ్చు. కానీ ఆ కండ పెద్దిరాజు గారి పడవలో ఉంది. దాన్ని ఉప్పునీళ్ళలో వెయ్యమని వీర్రాజు స్వయంగా వెళ్ళి చెప్పొచ్చాడు. రేపో మాపో వేసేస్తారు.

"దానికేముంది," అన్నాడు వీర్రాజు గొంతు తగ్గించి. "ఆ కండ చివికిపోయిందని చెప్దాం. ఇంకోటి నానబెట్టి వేసేద్దాం. నీ సంగతి ఊళ్ళోకి పోకూడదు రత్నం. చెయ్యి వణికేదాని దగ్గరకి రిపేరుకి ఎవరొస్తారు?"

ఆ మాటలో తప్పు లేదు. రత్నం ఆకివీడు వచ్చేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దాదాపు ఒప్పుకుంది కూడా.

మర్నాడు వేరే కండని పగలంతా ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఆ మర్నాడు పొద్దున్నే పెద్దిరాజు గారి చెరువు గట్టుకి ఇద్దరూ వెళ్ళారు. పాలేరు అప్పటికే బకెట్టులో ఉప్పు కలుపుతున్నాడు. పెద్దిరాజు గారు కండని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు. వీర్రాజు, "అది చివికినట్టుందండి," అని మొదలెట్టాడు. "అలాగా? బానే ఉందే," అంటూ ఆయన దాన్ని రత్నం వైపు చాపారు. "చూడమ్మా, నీ చేతిలో నడిచింది కదా. నువ్వు చెప్తే అదే మాట."

అంత నమ్మకంగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"చివకలేదండి. అది నాకు కావాలండి," అంది. "నా కుడిచెయ్యి వణుకుతోంది. జబ్బు. ఆ వణుకు ఈ కండకి తెలుసు, అందుకే నా చేతిలో తిన్నగా నడిచింది. హస్తవాసీ లేదు, ఏమీ లేదండి. మీ పడవకి వేరే కండ నానబెట్టి తెచ్చాను, అందరి చేతిలోనూ నడుస్తది."

పాలేరు ఉప్పు కలపడం ఆపేశాడు. పెద్దిరాజు గారు ఆమె చేతి వంక చాలాసేపు చూశారు. అందులో ఆయనకేమీ కనిపించి ఉండదు. కండని ఆమె చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా," అన్నారు. కొత్త కండ వేయించుకున్నారు, పడవ నడిపి చూసుకున్నారు, బాగుందన్నారు. వారం తిరక్కుండా ఆయన మిగతా పడవలు భీమవరంలో వేరే షెడ్డుకి వెళ్ళాయి. ఆయన చెడ్డమనిషి కాదు. జాగ్రత్తపరుడు. ఆ వెనకాలే ఇంకొందరు జాగ్రత్తపరులూ వెళ్ళారు.

రత్నానికి బాధ కలిగింది, దాచుకోలేదు. ఒకరోజు వంటగదిలో కూర్చుని బాగా ఏడ్చింది. ఆ తర్వాత కండని ఐరన్ పిడికి కట్టే పని మొదలెట్టింది. మొదట అది ఆమె చేతితో కుస్తీ పట్టింది. పిడి ఒక వైపు, వేళ్ళు ఇంకో వైపు పోయాయి. బల్ల మీద కాలిన మచ్చలు పడ్డాయి. గ్లిజరిన్ రాసింది, పట్టు మార్చింది, తీగె పొడుగు తగ్గించింది. చివరికి ఒక మధ్యాహ్నం తల వెంట్రుకంత తీగె మీద టంకం బొట్టు గుండ్రంగా, మెరుస్తూ కూర్చుంది. అది చూసి వీర్రాజు పక్కింటివాళ్ళని పిలవబోతే ఆపింది.

ఆ సంతోషంలోనే ఆమెకో ప్రశ్న పుట్టింది. ఈ కండకి నేర్పిన ఆ మనిషి ఎవరు? ఎల్సాని అడిగింది. తెలియదు, బొమ్మకార్లు వేలల్లో అమ్ముడుపోయాయి అని జవాబొచ్చింది. రత్నం ఐరన్ పక్కన పెట్టి ఆలోచించింది. ఆ మనిషి చెయ్యి కూడా మొదట్లో ఇలాగే, కంటికి కనపడకుండానే వణికి ఉంటుంది. బండి ఊగి ఉంటే అనుమానం వచ్చేది. కానీ కండ బుద్ధిగా నేర్చుకుంది, ఎదురు తోసింది, బండి తిన్నగా నడిచింది. యజమాని నా చెయ్యి భేషుగ్గా ఉందనుకుంటూ ఆడుకుని ఉంటాడు. కండ ఎంత మేలు చేసిందో, జబ్బుని అంత దాచింది. కాఫీ ఒలికేదాకా అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ ఆలోచన వచ్చాక ఆమె ప్రతి ఆదివారం కండ విప్పేసి, ఒట్టి చేత్తో మీటరు ముందు కూర్చోవడం అలవాటు చేసుకుంది. గీత ఎలా ఉంటే అలా డాక్టరమ్మకి పంపుతుంది.

తర్వాత బొమ్మకార్ల పేజీ తెరిచింది. ఆ పాత ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. కింద కొత్తగా ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎల్సా పంపిన పేజీలన్నీ పెట్టి, పైన తెలుగులో తన మాటగా ఒక పద్ధతి రాద్దామని కూర్చుంది. కాగితం మీద రాస్తే అక్షరాలు చిన్నవైపోతున్నాయని, తను చెప్తుంటే వీర్రాజు ఫోనులో కొడుతున్నాడు.

"ఉప్పునీళ్ళతో మొదలెడతాను," అన్నాడతను. "అందరూ వచ్చేది దానికే కదా. ఎంత ఉప్పు, ఎంతసేపు."

"అది రెండోది," అంది రత్నం. "మొదటిది చెప్తాను, కొట్టండి. పాత కండని కడిగెయ్యకముందు, ఇంట్లో అందరి చేతికీ రిమోట్ ఇచ్చి నడిపించండి. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి. అందరి చేతిలో ఊగిన బండి ఒక్కరి చేతిలో తిన్నగా నడిస్తే, సంబరపడకండి. ఆ మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."